గోల్ఫ్ జీటీఐకి అల్యూమినియం మానిఫోల్డ్ బిగించిన నా అనుభవం

2023 మార్చిలో ఒక శనివారం ఉదయం, మిషిగన్‌లోని మా ఇంటి గ్యారేజీలో చలి ఇంకా నాలుగు డిగ్రీల దగ్గరే ఉండగా, నా ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ బానెట్ ఎత్తి పని మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగాన్ని తీసి, దాని స్థానంలో విడిగా కొన్న అల్యూమినియం మానిఫోల్డ్‌ను బిగించాలి. సాయంత్రం ఆరు గంటలకల్లా చేతులు కడుక్కుని భోజనానికి వస్తానని ఇంట్లో చెప్పాను. ఆ పని నిజంగా ముగిసింది మూడో ఆదివారం రాత్రి.

కారు 2010 మోడల్. 1984 సీసీ నాలుగు సిలిండర్ల టీఎస్ఐ రకం ఇంజను, దానిలోకి గాలిని ఒత్తిడితో నెట్టే కే03 అనే టర్బో, ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 200 హార్స్‌పవర్. పెట్రోలును నేరుగా సిలిండర్ లోపలికే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ పద్ధతి. ఇంజను అప్పటికి 1,18,000 మైళ్ళు తిరిగింది. 2021 నుంచి దీన్ని రోడ్డు మీద నడపడం మానేసి, ఏడాదికి నాలుగైదు సార్లు ట్రెయిలర్ మీద ఎక్కించి సౌత్ హేవెన్‌లోని జింజర్‌మ్యాన్ రేస్‌వేకు తీసుకువెళుతున్నాను. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను కొన్న మానిఫోల్డ్‌లో ఫ్యాక్టరీ మానిఫోల్డ్‌లో గాలి దారిని మూసి తెరిచే ఫ్లాపులు లేవు. ఉద్గారాల నియంత్రణకు పనికివచ్చే భాగాలను రోడ్డు మీద తిరిగే కారు నుంచి తొలగించడం అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నిషిద్ధం. మిషిగన్‌లో ఏటేటా పొగ పరీక్ష లేదు కనుక ఎవరూ అడగరన్నది వేరే సంగతి. రోజూ ఆఫీసుకు వెళ్ళే కారు అయి ఉంటే నేను ఈ పనికి పూనుకునేవాడిని కాదు.

ఆ ఫ్లాపుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎంత గాలి రావాలో నియంత్రించే థ్రాటిల్ దాటి వచ్చిన గాలి ముందు ప్లీనమ్ అనే పెద్ద గదిలోకి చేరి, అక్కడి నుంచి నాలుగు రన్నర్ గొట్టాల గుండా నాలుగు సిలిండర్లకు పంపకమవుతుంది. ఈ ఇంజనులో సిలిండర్ల మీద కూర్చునే హెడ్‌లోని ప్రతి ఇన్‌టేక్ పోర్టును, అంటే గాలి లోపలికి వెళ్ళే రంధ్రాన్ని, ఒక పలుచని రేకు అడ్డంగా రెండు అంతస్తులుగా విభజిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, తక్కువ వేగంలో ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లోని ఫ్లాపులు కింది అంతస్తును మూసేస్తాయి; అప్పుడు గాలి మొత్తం పై అంతస్తు గుండానే వేగంగా దూకి సిలిండర్‌లో దొర్లుతూ సుడి తిరుగుతుంది. పెట్రోలు, గాలి బాగా కలవడానికి ఆ సుడి అవసరం. వేగం పెరిగాక ఫ్లాపులు తెరుచుకుని దారి విశాలమవుతుంది. అంటే ఇవి పనికిమాలిన అడ్డంకులు కావు, ఒక ఇంజనీరు ఆలోచించి పెట్టినవి. వాటిని తీసేసేవాడు తాను దేన్ని వదులుకుంటున్నాడో తెలుసుకుని తీయడం మంచిది.

పక్క వీధిలో ఉండే తెలుగు మిత్రుడు ఒకాయన డెట్రాయిట్ వైపు ఒక సంస్థలో ఇంజను క్యాలిబ్రేషన్, అంటే ఇంజను కంప్యూటరు లెక్కలు అమర్చే పని చేస్తారు. మానిఫోల్డ్ కొనబోతున్నానని చెబితే ఆయన నవ్వి, "మీ కారులో ఇరుకైన చోటు అది కాదండీ, టర్బో. గుమ్మం చిన్నదిగా ఉంచి హాలు పెద్దది చేస్తే పెళ్ళివారు త్వరగా లోపలికి వస్తారా?" అన్నారు. ఆయన మాట నిజం. కే03 చిన్న టర్బో; 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటాక దానికే ఊపిరి అందదు. పొడవైన రన్నర్లు మధ్య వేగంలో టార్క్‌కు (తిప్పే బలానికి), పొట్టి రన్నర్లు ఎక్కువ వేగంలో శక్తికి తోడ్పడతాయన్న పాఠం టర్బో లేని ఇంజనులో స్పష్టంగా కనిపిస్తుంది. టర్బో ఉన్నచోట కూడా ఆ తేడాకు కారణమైన పీడన తరంగాలు ఉంటాయి గాని, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) తెచ్చే మార్పు ముందు వాటి ప్రభావం చిన్నదైపోతుంది. పెద్ద టర్బోతో రెట్టింపు గాలి తోసే ఇంజనుకు పెద్ద మానిఫోల్డ్ నిజంగా కావాలి. నాకు అంత అవసరం లేదు.

అయినా కొన్నాను. కొంత మోజు, దాన్ని దాచడం ఎందుకు? మరికొంత కారణం మాత్రం సహేతుకమైనదే. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను తాకదు కనుక వాటిని కడిగేది ఏదీ ఉండదు. ఇంజను అడుగున ఉండే క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి వాల్వుల వీపు మీద పడి, వేడికి మాడి, మసిగా పేరుకుపోతుంది. లక్ష మైళ్ళు దాటిన ఇంజనులో దాన్ని గీకి శుభ్రం చేయాలంటే మానిఫోల్డ్ ఎలాగూ ఊడదీయాలి. ఊడదీశాక పాతదే బిగించడమెందుకు అనుకున్నాను. ధర తొమ్మిది వందల డాలర్లకు దగ్గరగా పడింది.

పెట్టె వచ్చిన రోజు దాన్ని వంటగది బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. వెల్డింగ్ అతుకులు చక్కగా ఉన్నాయి. పైకి ఎంత అందంగా ఉన్నా లోపల ఏముందో చూడాలి గదా అని, సన్నని కెమెరా తీగను ప్లీనమ్‌లోకి పంపి మూలమూలా వెతికాను. రెండో రన్నర్ మొదట్లో వెల్డింగ్ అంచు వెనుక వెంట్రుకలా చుట్టుకుని ఒక అల్యూమినియం తురుము ఉంది. యంత్రంలో కోసిన భాగంలో తురుము మిగలడం మామూలే, కాని ఇక్కడ గాలి దారిలో ముందు ఫిల్టర్ లేదు. వాల్వు దాటితే నేరుగా సిలిండర్. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, సీసాలు కడిగే పొడవాటి బ్రష్షు తీసుకుని మూడుసార్లు కడిగి, గాలి పట్టి ఆరబెట్టి, మళ్ళీ కెమెరాతో చూశాను. ఆ తరువాత హెడ్‌కు ఆనే ముఖాన్ని ఉక్కు స్కేలు పెట్టి, సందులు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజుతో పరీక్షించాను, 0.05 మిల్లీమీటర్ల రేకు ఎక్కడా దూరలేదు. కొత్త వస్తువును ఇంతగా అనుమానించాలా అని మా ఆవిడ అడిగింది. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిదే అన్నాను. తన బ్రష్షు పోయిందన్న కోపం మాత్రం అలాగే ఉంది.

ఇక ఊడదీత. మొదటి రోజు ఉదయమంతా పెట్రోలు లైను దగ్గరే గడిచింది. ఈ ఇంజనులో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే ఫ్యూయల్ రైలు అనే గొట్టంలో పీడనం 150 బార్ల దాకా వెళుతుంది (ఒక బారు అంటే దాదాపు మామూలు వాతావరణ పీడనం). ఆ స్థితిలో నట్టు వదులు చేస్తే చిమ్మే పెట్రోలు చర్మంలోకి దిగగలదు. అందుకని ట్యాంకులోని పంపు ఫ్యూజు పీకి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చాను. మర్నాడు బ్యాటరీ తీగ విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, నట్టు చుట్టూ మందపాటి గుడ్డ కప్పి మెల్లగా వదులు చేశాను. కొద్దిగా చెమ్మ వచ్చిందంతే. లైను తెరిచి ఉన్నంతసేపూ గ్యారేజీలోని గ్యాస్ హీటరు ఆర్పేసి, తలుపు సగం ఎత్తి ఉంచాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి చిన్న క్లిప్పులు పట్టు దొరకక జారిపోతుంటే, ఆటోనగర్ ఎండలో ఇదే పని ఎంత తేలికో అనిపించింది.

విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లారీ ఇంజన్లు విప్పే షెడ్డు ఉండేది. నా పదేళ్ళ వయసులో వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. విప్పిన ప్రతి వస్తువునూ విప్పిన వరుసలోనే నేల మీద గోనెపట్టా పరిచి పెట్టడం ఆయన అలవాటు. నేను గోనెపట్టాకు బదులు కేకులు కాల్చే గుంతల పళ్ళెం వాడాను: ఒక్కో గుంతకు ఒక భాగం బోల్టులు, గుంత పక్కన టేపు మీద పేరు. ఇంజెక్టర్ల కనెక్టర్లు, ప్రెషర్ సెన్సరు, ఫ్లాపులను కదిలించే యాక్యుయేటర్‌కు వెళ్ళే వ్యాక్యూమ్ గొట్టం, పెట్రోలు ఆవిరిని ఇంజనులోకి పంపే పర్జ్ వాల్వు గొట్టం, అన్నింటికీ అంకెలు వేసి ఫొటోలు తీశాను. ఇవన్నీ గంటలో అయిపోయాయి. ఆ తరువాత మానిఫోల్డ్ అడుగున ఉండే ఆధారపు బ్రాకెట్ ఒక్కటే రెండు గంటలు మింగింది. దాని బోల్టు కంటికి కనిపించదు. కారు కింద పడుకుని, పొడవైన ఎక్స్‌టెన్షన్‌కు మెడ తిరిగే జాయింటు తగిలించి, వేలితో తడిమి తల ఎక్కడుందో కనిపెట్టి, సాకెట్ కూర్చోబెట్టాలి. సాకెట్ పూర్తిగా కూర్చోకుండా తిప్పితే బోల్టు తల అరిగి గుండ్రమవుతుంది, ఆపైన ఆ బోల్టును దేవుడే తీయాలి. అందుకే నాలుగుసార్లు పెట్టి తీసి, ఐదోసారి నమ్మకం కుదిరాకే బలం పెట్టాను.

మానిఫోల్డ్, ఫ్యూయల్ రైలు బయటికి వచ్చేటప్పుడు రెండు ఇంజెక్టర్లు రైలుతో పాటు వచ్చాయి, రెండు హెడ్‌లోనే పట్టుకుని ఉండిపోయాయి. వాటిని అద్దెకు తెచ్చిన పుల్లరుతో లాగాల్సి వచ్చింది. పోర్టుల్లోకి టార్చి వేసి చూస్తే వాల్వుల కాడల చుట్టూ నల్లని పెచ్చులు, పాత పెనం అడుగున కట్టిన మాడులా ఉన్నాయి.

శుభ్రం చేయడానికి అక్రోటు కాయల పెంకుల పొడి వాడతారు. వినడానికి వింతగా ఉంటుంది గాని దానికి కారణం ఉంది. ఆ పొడి మసిని రాల్చేంత గట్టిది, వాల్వు లోహాన్ని గీయలేనంత మెత్తనిది. ఒకటి రెండు రేణువులు లోపల మిగిలినా కాలి బూడిదై పోతాయి. ఇసుక వాడితే ఇంజను నాశనమే. పని సూత్రం తేలిక: ఏ సిలిండర్ శుభ్రం చేస్తున్నామో దాని రెండు ఇన్‌టేక్ వాల్వులూ మూసి ఉండేలా క్రాంకును చేత్తో తిప్పి, పోర్టుకు వ్యాక్యూమ్ క్లీనరు గొట్టం అమర్చి, దాని పక్క రంధ్రం గుండా సుమారు ఆరు బార్ల గాలితో పొడిని కొట్టాలి. కొట్టిన పొడి, రాలిన మసి కలిసి క్లీనరులోకి పోతాయి. వాల్వు మూసి ఉందో లేదో ఊహించకుండా ప్రతిసారి టార్చితో చూసి నిర్ధారించుకున్నాను, ఎందుకంటే సందు ఉంటే పొడి పిస్టను మీద పడుతుంది. ఒక్కో సిలిండర్‌కు అరగంటకు పైగా పట్టింది. పని చేయని మూడు పోర్టుల్లో గుడ్డలు కుక్కి, ఎన్ని పెట్టానో గోడ మీద సుద్దతో రాసి, తీసినప్పుడల్లా ఒకటి కొట్టేశాను. ఇంజను లోపల గుడ్డ మరిచిపోయినవాళ్ళ కథలు ఆటోనగర్‌లో చాలా విన్నాను.

ఆదివారం రాత్రి పదకొండింటికి గుంతల పళ్ళెం లెక్క చూస్తే ఒక వాషరు తక్కువ వచ్చింది. ఫ్యూయల్ రైలు బోల్టుది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. గ్యారేజీ నేల మీద ఎక్కడైనా పడి ఉంటే పీడా పోయె. పోర్టులో పడి ఉంటే మాత్రం మొదటి స్టార్టులోనే వాల్వును వంచేస్తుంది. కొత్త వాషరు వేసి ముందుకు పోవాలన్న ఆశ కలిగిన మాట నిజమే. కెమెరా తీగతో నాలుగు పోర్టులు, నాలుగు ఇంజెక్టర్ రంధ్రాల్లోంచి నాలుగు సిలిండర్లు చూశాను. ఏమీ లేదు. చివరికి కారు కింద ప్లాస్టిక్ రేకు విప్పితే, దాని పైనున్న శబ్ద నిరోధక నురుగులో అది మెత్తగా కూర్చుని ఉంది. అప్పటికి ఒంటి గంట దాటింది.

రెండో వారాంతం ఇంజెక్టర్లతో మొదలైంది. ఇంజెక్టర్ కొనకు వెడల్పు తక్కువైన టెఫ్లాన్ రింగు ఉంటుంది. సిలిండర్‌లో మండే వాయువులు పైకి రాకుండా ఆపేది అదే. ఒకసారి బయటికి తీశాక పాత రింగు మళ్ళీ వాడకూడదు. కొత్త రింగును శంకువు ఆకారపు పనిముట్టు మీదుగా సాగదీసి గాడిలో కూర్చోబెట్టాలి. సాగిన రింగు లావుగా ఉండి హెడ్‌లో దూరదు కనుక, లోపల వాలుగా చెక్కిన ఉంగరంలోకి ఇంజెక్టర్‌ను మెలి తిప్పుతూ తోసి, రింగు మళ్ళీ తన కొలతకు కుంచించుకునేలా చేయాలి. పైనున్న రబ్బరు రింగుకు కొంచెం ఇంజనాయిలు రాయవచ్చు. టెఫ్లాన్ రింగుకు మాత్రం ఏమీ రాయకూడదు. నేను మొదటి రింగును తొందరపడి గోళ్ళతో లాగి గీత పడేశాను. అందుకే ఐదు కొన్నాను అని చెప్పుకోవచ్చు గాని, నిజానికి అమ్మకందారు వద్ద ఐదు కలిపి ఒక ప్యాకెట్‌గా ఉంటే కొన్నాను.

అల్యూమినియం మానిఫోల్డ్‌తో ఒక ఇబ్బంది ఉంది. ప్లాస్టిక్ వేడిని లోపలికి రానివ్వదు. అల్యూమినియం హెడ్ వేడినంతా లాక్కుంటుంది. ఇంటర్‌కూలర్ కష్టపడి చల్లార్చిన గాలిని చివరి అడుగున మళ్ళీ వేడి చేసినట్టవుతుంది. అందుకని రెండింటి మధ్య ఉష్ణాన్ని ఆపే మందపాటి గ్యాస్కెట్ (ప్యాకింగ్) వేశాను. అది హెడ్ నుంచి వచ్చే వేడిని తగ్గిస్తుంది. రేడియేటర్ వెనుక గాలి నుంచి వచ్చే వేడిని ఏమీ చేయలేదు.

బిగింపు నల్లేరు మీద నడకలా సాగిందని ఆ రోజు అనుకున్నాను. బోల్టులన్నీ ముందు వేళ్ళతో పట్టించి, మధ్య నుంచి అంచులకు మూడు విడతలుగా, చివరి విడతలో 9 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచి టక్‌మనేదాకా బిగించాను. అడుగు బ్రాకెట్‌ను కూడా తిరిగి వేశాను. చాలామంది దాన్ని వదిలేస్తారు గాని, అది లేకపోతే ఇంజను కదలికకు మానిఫోల్డ్ బరువంతా ఆ చిన్న బోల్టుల మీద ఊగుతుంది. ఫ్లాపులు లేవన్న సంగతి ఈసీయూకు, అంటే ఇంజను కంప్యూటరుకు తెలియకపోతే వాటి స్థానం చెప్పే సెన్సరు లేదని లోపపు కోడు వేసి ఇంజను బలం తగ్గిస్తుంది. దానికి తగినట్టు ఈసీయూ లెక్కలు మార్చే ట్యూనింగ్ ఫైలు ముందే తెప్పించి ఎక్కించాను. బ్యాటరీ తగిలించి, కంప్యూటరు జోడించి, థ్రాటిల్ తన రెండు చివరలను మళ్ళీ గుర్తించుకునేలా పరీక్ష సాఫ్ట్‌వేరులోని 060 గ్రూపులో బేసిక్ సెట్టింగ్స్ నడిపాను. ఫ్యూయల్ లైను నిండేదాకా తాళం రెండుమూడు సార్లు తిప్పి, ఆపైన స్టార్టు చేశాను.

ఇంజను అందుకుంది, కాని నిలకడగా లేదు. 650 నుంచి 1,100 ఆర్‌పీఎం మధ్య ఉయ్యాలలా ఊగింది. మూడు నిమిషాలకు పి2187 అనే లోపపు కోడు వచ్చింది, అంటే ఐడిల్‌లో (కారు నిలిచి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు) గాలికి తగినంత పెట్రోలు లేక మిశ్రమం పల్చబడిందని. 032 గ్రూపులో చూస్తే, కంప్యూటరు పెట్రోలుకు చేసే దిద్దుబాటు ఐడిల్‌లో +6.8 శాతం, నడక దిద్దుబాటు మాత్రం +1.2 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే జబ్బు పేరు ఉంది. ఐడిల్‌లో మానిఫోల్డ్ లోపల పీడనం బయటి కంటే తక్కువ. ఎక్కడైనా సందు ఉంటే వచ్చే గాలిని కొలిచే ఎయిర్ మీటరు లెక్కలోకి రాని గాలి లోపలికి పీల్చుకుపోతుంది, కంప్యూటరు అదనంగా పెట్రోలు పోయాల్సి వస్తుంది. ఐడిల్‌లో మొత్తం గాలి తక్కువ కనుక ఆ దొంగగాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. వేగం పెరిగితే అదే సందు లెక్కలో చిన్నదైపోతుంది. బూస్ట్ వచ్చాక వ్యవహారం తిరగబడి, లెక్కలోకి వచ్చిన గాలి అదే సందులోంచి బయటికి పోతుంది, మిశ్రమం చిక్కబడుతుంది.

సందు ఉందని తెలిసింది, ఎక్కడో తెలియలేదు. ఆ రాత్రి మామయ్యకు వీడియో కాల్ చేసి ఇంజను శబ్దం వినిపించాను. డెబ్బై దాటిన మనిషి. టీఎస్ఐ ఇంజను ఎప్పుడూ విప్పలేదు. పది సెకన్లు విని, "ఎక్కడో ఎయిర్ లాగుతోంది అల్లుడూ. గజం రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకో, రెండో కొస ప్యాకింగ్ అంచు వెంబడే తిప్పు. ఊదొత్తి మాత్రం దగ్గరికి తేకు, అది డీజిలు బండి కాదు" అన్నారు. ఊదొత్తి పొగ ఎటు లాగితే అటు సందు అన్న ఆటోనగర్ చిట్కా నాకూ అప్పటికే తట్టింది. పెట్రోలు ఇంజను దగ్గర నిప్పు కణిక పట్టుకోవడం ఎంత తెలివితక్కువో ఆయన చెప్పాక గాని స్ఫురించలేదు. గొట్టం చెవిలో పెట్టుకుని ఫ్యాను బెల్టుకు దూరంగా జాగ్రత్తగా తిప్పాను. నాలుగో పోర్టు అడుగు అంచు దగ్గరికి రాగానే పాము బుసలాంటి చప్పుడు వినిపించింది.

మళ్ళీ విప్పాను, మూడో వారాంతంలో. కారణం కనిపించాక సిగ్గనిపించింది. ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న బ్రాకెట్ చెవి కొత్త మానిఫోల్డ్ అంచుకు అడ్డుతగిలి, ఆ మూలను హెడ్‌కు పూర్తిగా ఆననివ్వలేదు. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అంచు అక్కడ వంపు తిరిగి ఉండేది. దీనికి వంపు లేదు. గ్యాస్కెట్ మీద మూడు పోర్టుల చుట్టూ నొక్కుడు గుర్తు నిండుగా, నాలుగో దాని చుట్టూ సగమే ఉంది. టార్క్ రెంచి టక్‌మంది కనుక అంతా కూర్చుందని నేను నమ్మాను. ఆ టక్ చెప్పేది బోల్టు ఎంత బిగువుగా ఉందో అంతవరకే. ఆ బిగువు దేనికి వ్యతిరేకంగా పుట్టిందో, గ్యాస్కెట్‌కా, అడ్డొచ్చిన ఇనుప ముక్కకా, దానికి తెలియదు. ఆఖరి బిగింపుకు ముందు అంచు చుట్టూ ఫీలర్ గేజు తిప్పి ఉంటే అర నిమిషంలో బయటపడేది. కొత్త మానిఫోల్డ్‌ను బల్ల మీద అంత శ్రద్ధగా కొలిచినవాడిని, ఇంజను మీద కొలవడం మరిచిపోయాను.

బ్రాకెట్ చెవిని మూడు మిల్లీమీటర్లు ఆకురాయితో అరగదీసి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఈసారి ముందు డిప్‌స్టిక్ గొట్టాన్ని వదులుగా ఉంచి మానిఫోల్డ్ బిగించాక దాన్ని బిగించాను. స్టార్టు చేయకముందే టర్బో నోటికి మూత బిగించి, ఒక బారు గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లాను. మానిఫోల్డ్ దగ్గర ఒక్క బుడగ రాలేదు. ఇంటర్‌కూలర్ పైపు క్లాంపు దగ్గర మాత్రం వచ్చింది. అది ఎన్నాళ్ళుగా కారుతోందో ఎవరికెరుక, దాన్నీ సరిచేశాను. స్టార్టు చేస్తే ఐడిల్ నిలకడగా నిలబడింది, దిద్దుబాటు +0.8 శాతానికి దిగింది.

మే నెలలో జింజర్‌మ్యాన్‌కు తీసుకువెళ్ళాను. అక్కడి 2.14 మైళ్ళ ట్రాక్‌లో వెనుక స్ట్రెయిట్ మీద మూడో గేరులో లాగ్ (ఇంజను కొలతల రికార్డు) తీయడం నా అలవాటు. కిందటి అక్టోబరు లాగ్‌లో 6,000 ఆర్‌పీఎం దగ్గర ఎయిర్ మీటరు సెకనుకు 174 గ్రాములు చూపింది; ఇప్పుడు 181. అక్టోబరులో గాలి 12 డిగ్రీలు, మేలో 24 డిగ్రీలు. వేడి గాలి పల్చన కనుక అసలు తేడా మరికొంత ఎక్కువే ఉండవచ్చు. కింది వైపు మాత్రం పోయింది. 2,500 దగ్గర బూస్ట్ మునుపటి కంటే 0.1 బారు తక్కువగా ఉంది, మూల మలుపు నుంచి బయటపడేటప్పుడు ఆ వెలితి పాదానికి తెలుస్తుంది. ఫ్లాపులు లేనందువల్ల చల్లని ఉదయం మొదటి నిమిషం ఇంజను గరగరలాడుతుంది. సెషన్ల మధ్య కారు నిలిపి ఉంచినప్పుడు మానిఫోల్డ్‌లోని ఉష్ణోగ్రత సెన్సరు 68 డిగ్రీలు చూపింది, ప్లాస్టిక్‌తో అది 55 దాటేది కాదు. మళ్ళీ కదిలాక ఒక ల్యాపులో దిగివచ్చింది.

క్యాలిబ్రేషన్ మిత్రుడికి లాగ్‌లు పంపాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు, తరువాత ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగారు: "ఈ ఏడు గ్రాములు మానిఫోల్డ్ తెచ్చిందా, వాల్వుల మసి పోవడం తెచ్చిందా, ఆ క్లాంపు లీకు పోవడం తెచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు. మూడింటినీ ఒకేసారి మార్చాను. కోల్డ్ స్టార్టులో మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిశ్రమం సరిగా మండకపోవడం) లెక్క ఇదివరకు పదీ పన్నెండు ఉండేది, ఇప్పుడు సున్నా. ఆ మార్పు మటుకు ఫ్లాపులు తీసేయడం వల్ల రాదు, మసి పోవడం వల్లే వచ్చి ఉండాలి. దాన్ని బట్టి మిగిలిన లాభంలో కూడా పెద్ద వాటా అక్రోటు పెంకుల పొడిదేనని నా అనుమానం.

తేల్చుకోవడానికి ఒకటే దారి ఉందని ఆయన అన్నారు: శుభ్రంగా ఉన్న ఇదే హెడ్ మీద పాత ప్లాస్టిక్ మానిఫోల్డ్ మళ్ళీ బిగించి, పాత ట్యూనింగ్ ఫైలు ఎక్కించి, అదే స్ట్రెయిట్ మీద మళ్ళీ లాగ్ తీయడం. పాతదాన్ని అమ్మకుండా గ్యారేజీ అటక మీద పాత దుప్పటిలో చుట్టి ఉంచాను. దానికి కావలసిన గ్యాస్కెట్, ఇంకో ప్యాకెట్ టెఫ్లాన్ రింగులు పోయిన వారం వచ్చాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.